వాకిట్లో పడవ

పడవను బండి మీదికెత్తి రోజూ ఇంటికి తెచ్చుకున్న మనుషులు ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారంటే అది మేమే. ఆ ఆలోచన నాదే. దాన్ని ఇంకొకరి మీదికి నెట్టను. ఆ ఎండాకాలం నేను ఇతరుల మీదికి నెట్టినవి చాలు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మొయినాబాదు దిగువన, హిమాయత్‌సాగరు పక్కన మా ఊరు. మా అత్తగారి పాత ఊరు ఇంకా కిందికి ఉండేదట. సాగరు కట్టినప్పుడు ఊరూ పొలమూ నీళ్లలో కలిశాయి. నేను కాపురానికి వచ్చేసరికి మాకు మిగిలినవి మిట్ట మీద రెండెకరాల రాళ్ల చేను, ఒక జత ఎడ్లు, బండి. మేము నాగలి పట్టినవాళ్లం, వల పట్టినవాళ్లం కాదు. మా ఇంటాయన పేరు యోసేపు. ఆయనకు ఈత కూడా రాదు.

పడవ మాకు మిషను దొరసాని ఇచ్చింది. అవతలి ఒడ్డు ఊళ్లలో ప్రార్థన పెట్టడానికి ఆమె ఎక్కడినుంచో వడ్రంగులను పిలిపించి చేయించుకున్న టేకు పడవ అది. మా బావ స్వామిదాసు, అంటే మా ఆయన అన్న, పదేళ్లు ఆమెకు తెడ్డు వేశాడు. మా ఆయన కూడా అప్పుడప్పుడు పోయేవాడు. యుద్ధం మొదలయ్యాక ఆమె తమ దేశానికి పోతూ పోతూ, ఇద్దరన్నదమ్ములూ కలిసి వాడుకోండని పడవను వాళ్ల చేతుల్లో పెట్టింది. బావా, ఆయన భార్య అంతమ్మక్కా నీళ్ల పక్కనే గుడిసె వేసుకుని ఉండేవాళ్లు కాబట్టి, పడవను ఆ గుడిసె ముందరే గుంజకు కట్టేసేవాళ్లు. వాళ్లకూ మాకూ మధ్య ఒక్క చేనే అడ్డం. కానీ మిట్ట ఉంది కదా, మా వాకిట్లో నిలబడితే నీళ్లూ కనిపించవు, పడవా కనిపించదు. నాకు నచ్చనిది అదే.

ఆ ఏడు చేను పండలేదు. పండిన నాలుగు జొన్నలూ లెవీ కింద సర్కారు ఎత్తుకుపోయింది. రెండిళ్ల కడుపులూ ఆ పడవ మీదే ఆధారపడ్డాయి. దాన్ని కాపాడుకోవాలని నేను పడ్డ ఆరాటంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కాపాడిన తీరే తప్పు.

ఈస్టరుకు ముందు ఒక సోమవారం పొద్దున్నే గంపలు మోయడానికి ఒడ్డుకు పోయాను. పడవ అడుగు పలకల మీద చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఇంకా తడిగానే ఉన్నాయి. ముందురోజు ఆదివారం. ఆదివారం మేము వల ముట్టుకోము.

"బావా, ఇవేంది?" అన్నాను.

"పొలుసులు."

"పొలుసులని నాకు ఎర్కలేదా? నిన్న ఎవ్వరూ చేపల ఏటకు పోలే కద."

"నీటికుక్క ఎక్కుతున్నది ప్రేమమ్మా. చేపను పట్టుకొచ్చి పడవల కూసోని తింటది. దానికి ఇదొక అరుగైంది."

బావ మాట్లాడితే ఇంతే, రెండు ముక్కలు. మళ్లీ వంగి వల విప్పుకోసాగాడు. నేను నా జన్మలో నీటికుక్కను చూసి ఎరగను. అంతమ్మక్క వైపు చూస్తే ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నవ్వే మాట అక్కడ ఏముంది?

ఇంటికొచ్చి మా ఆయనను పట్టుకున్నాను. ఆయన పేరు పెట్టి పిలవను కాబట్టి బిడ్డ పేరుతో పిలుస్తాను.

"విమల బాపూ, మీ అన్న మనకు చెప్పకుంట ఏటకు పోతున్నడు."

"పోడు."

"పొలుసులు చూసిన."

"నీటికుక్క అన్నడు గద."

"నువ్వు చూసినవా నీటికుక్కను?"

"చూడలే."

"మరి?"

ఆ నెల అంతా నేను రోజుకు ఇరవై సార్లు అన్న మాట ఆ 'మరి'యే.

నాలుగు రోజులు ఆలోచించి అసలు మాట బయటపెట్టాను. "పొద్దుగూకితే నాగలిని చేన్ల ఇడిచిపెట్టి వస్తవా? కాడిని ఇడిచిపెడ్తవా? మోటబొక్కెన సుత ఇంటికే వస్తది. మరి మన పడవ వేరేటోళ్ల వాకిట్ల ఎందుకుండాలె? బండి మీద ఏసుకొని రా."

"అన్న వేరేటోడా?" అన్నాడు మా ఆయన.

"ఇల్లు వేరే కద."

ఆయన చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఒక్కసారి కాదనుంటే నేను ఆగేదాన్నేమో. కానీ ఆయన కాదనలేదు. మర్నాడు రెండు వెదురు బొంగులు తెచ్చి బండి మీద అడ్డంగా కట్టాడు.

ఒడ్డున బావ మా బండిని చూసి లేచి నిలబడ్డాడు. "ఇదేంది తమ్ముడా?"

మా ఆయన తల వంచుకున్నాడు. జవాబు నేనే చెప్పాను. "పడవ ఇంటికి తీసుకపోతున్నం బావా. పొద్దుగాల మళ్ల తెస్తం. ఇద్దరూ కలిసే ఏటకు పోండ్రి. ఫికర్ ఏం లేదు."

"పడవ నీళ్లల్లనే ఉండాలె ప్రేమమ్మా. ఎండల పెట్టొద్దని దొరసాని చెప్పింది."

"పెడితే ఏమైతది?"

"పాడైతదట."

"ఎట్ల పాడైతది?"

బావ తల గోక్కున్నాడు. "గదంత నాకు ఎర్కలేదు. నీళ్లల్లనే ఉంచాలె అన్నది. నేను ఉంచుతున్న."

దొరసాని సముద్రం అవతల ఉంది. అడుగుదామంటే లేదు. లేని మనిషి నోట్లో ఎవరైనా ఏ మాటైనా పెట్టొచ్చు అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాననుకుంటా, అంతమ్మక్క ముఖం మాడ్చుకుని గుడిసెలోకి పోయింది. బావ మాత్రం పడవ ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు. ఆయన చెయ్యి లేకపోతే అది లేచేది కూడా కాదు.

అట్లా మొదలైంది. పొద్దున బండి మీద నీళ్లకు, ఎండెక్కేసరికి బండి మీద ఇంటికి. ఎండాకాలం కదా, సాగరు రోజురోజుకూ వెనక్కి పోతోంది. బురదలో బండి గిర్రలు దిగబడేవి. కుడివైపు కట్టే ఎలపట ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడింది. నేను పసుపూ నూనె రాసేదాన్ని. ఊళ్లోవాళ్లు వచ్చి మా వాకిట్లో పడవను చూసి, ఇంట్లో వాగు పారుతున్నదా అని ఎగతాళి చేసేవాళ్లు. చేస్తే చేశారు. పగలంతా అది నా కళ్లముందు ఎండలో ఉండేది. వంట చేస్తూ చూసేదాన్ని, బియ్యం చెరుగుతూ చూసేదాన్ని. మనసు నిమ్మళంగా ఉండేది.

నిమ్మళం పదిహేను రోజులు కూడా లేదు. పడవలోకి నీళ్లు రావడం మొదలైంది. మొదట పాదాలు తడిసేంత. తర్వాత ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు తట్టతో నీళ్లు తోడాల్సి వచ్చేది. ఒకనాడు సగం దూరం నుంచే చేపలూ వలా నీళ్లలో వదిలేసి ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మా ఆయన ఒడ్డున కూర్చుని వణకడం నేను చూశాను. ఈత రాని మనిషి.

ఇంటికొచ్చాక పడవ చుట్టూ తిరిగి చూశాను. పలకల సందుల్లో నార కుక్కి, పైన గుగ్గిలం పూసి ఉంటుంది. ఆ నార అక్కడక్కడా ఊడి వేలాడుతోంది. రెండు పోగులు మా వాకిట్లో నేల మీద పడి ఉన్నాయి. అన్నేళ్లు గట్టిగా ఉన్న నార, పడవ మా ఇంటికి వచ్చాకే ఎందుకు ఊడాలి? ఎవరో పీకుతున్నారు. పడవ నీళ్లలోనే ఉండాలని చెప్పింది ఎవరు? మా ఇంట్లో పాడైతే ఎవరి మాట నెగ్గుతుంది? ఇంక నాకు వేరే ఆలోచన రాలేదు.

నార మళ్లీ కుక్కాను. పట్టుకోవడానికి ఒక ఉపాయం చేశాను. బండి ఇరుసుకు పూసే కందెనను వేలికి అద్దుకుని, పలక నుంచి పలకకు సందు మీదుగా అయిదు గీతలు గీశాను. ఎవరైనా సందులో చెయ్యి పెట్టి కదిలిస్తే గీత తెగుతుందని. అన్నదమ్ములు మూడు రోజులు ఏటకు పోవద్దనుకున్నారు. పడవ వాకిట్లోనే ఉంది.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం నేను బావి నుంచి నీళ్లు తెస్తుంటే, మా వాకిట్లోంచి అంతమ్మక్క బయటికి వస్తోంది. చేతిలో పిడక, దాని మీద నిప్పు.

"పొయ్యి ఆరిపోయింది చెల్లె. నువ్వు లేకుంటే నేనే తీసుకున్న," అంది.

అగ్గిపెట్టెలు దొరకని రోజులు. ఆమె రోజు విడిచి రోజు మా ఇంటికి నిప్పుకు వచ్చేది. నేను 'సరే, తీస్కపో' అన్నాను. బిందె దించి నేరుగా పడవ దగ్గరికి పోయాను. అయిదు గీతలూ తెగి ఉన్నాయి. ఈ పలక మీది ముక్కకూ ఆ పలక మీది ముక్కకూ మధ్య గోరు పట్టేంత సందు.

నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. నోరున్న దాన్ని, అయినా అనలేదు. ఆదివారం కోసం చూశాను.

ఆ ఆదివారం మా మిషను గుడిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రార్థన. రొట్టె ముట్టుకునే ముందు మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి మీదనైనా మనసులో కష్టం ఉంటే, లేచిపోయి చేతులు కలిపి రమ్మని అయ్యగారు చెబుతారు. అందరూ లేచి అటూ ఇటూ తిరిగి చేతులు పట్టుకుంటారు. అలవాటుగా జరిగే పని. సగం మందికి ఏ కష్టమూ ఉండదు.

అంతమ్మక్క ఆడవాళ్ల వరసలో నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. నేను నా చెయ్యి కొంగు కింద పెట్టుకున్నాను.

"ఏమైంది ప్రేమమ్మా?" అన్నారు అయ్యగారు.

"పడవల నార పీకిన చెయ్యి నేను పట్టను అయ్యగారు," అన్నాను. "మా ఇంటాయన మునిగిపోతే ఎవరికి లాభమో వాళ్లనే అడగండ్రి."

అంతమ్మక్క చాపిన చెయ్యి అట్లాగే కొంతసేపు ఉంది. తర్వాత ఆమె దాన్ని తన ముందు పెట్టుకుని చూసుకుంది. మగవాళ్ల వైపు నుంచి బావ లేచాడు. నా వైపు చూడలేదు. అంతమ్మక్క దగ్గరికి వచ్చి, "పోదాం పా," అన్నాడు. ఇద్దరూ బల్ల ముట్టకుండానే బయటికి పోయారు. నేను రొట్టె తీసుకున్నాను. మింగాను.

మర్నాడు బావ మా వాకిట్లోకి వచ్చి తెడ్డు గోడకు ఆనించాడు. మా ఆయనతో, "పడవను నీళ్లల్ల పెట్టు తమ్ముడా. నేను చెప్పేది గదే," అన్నాడు. రోడ్డుకు కంకర కొట్టే పని దొరుకుతున్నదని ఇద్దరూ మూట కట్టుకుని చేవెళ్లకు పోయారు. మా ఆయన బిజాపూరు రోడ్డు దాకా వెంట పోయి వచ్చాడు.

ఇప్పుడైనా పడవ బాగుపడాలి కదా. నార పీకే చేతులు చేవెళ్లలో ఉన్నాయి. కానీ పడవ ఇంకా పాడైంది. వాకిట్లో నిలబడి పలకల సందుల్లోంచి చూస్తే అవతల ఎద్దు కాళ్లు కనిపించేవి. నాకు అనుమానం పోలేదు, ఊరి మీదికి మళ్లింది. పక్కింటి బాలనర్సమ్మ వాకిట్లోకి వస్తే చేతులు చూసేదాన్ని. బిడ్డ విమల పడవ ఎక్కి ఆడుకుంటే, ఎవరు చెప్పారే నీకు ఎక్కమని అని గద్దించాను. పిల్ల ఏడ్చింది. ఆ ఇంట్లో నేను అనుమానించకుండా మిగిలింది ఇక నన్ను నేనే.

మృగశిర దగ్గరికొచ్చింది. మృగశిర కార్తె నాడు చేప తినని ఇల్లు ఈ దిక్కున ఉండదు. ఏడాదిలో అంత గిరాకీ మళ్లీ రాదు. ఆ ఒక్కరోజు చేప పోతే విత్తనాలు లేవు, విత్తనాలు లేకపోతే వచ్చే ఏడు కూడా ఇంతే. పడవ పనికి రాకున్నా మిగిలిన ఇంకో వలను ఒడ్డున వేసి దొరికినంత పట్టుకుని, చేవెళ్ల అంగడికి బండి మీద తీసుకుపోదామన్నాడు మా ఆయన. బండిని సిద్ధం చేయడానికి ఒడ్డుకు తోలుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను జొన్న గటక తీసుకుని పోయాను. మా ఆయన బండి గిర్రలు రెండూ ఊడదీసి నీళ్లలో పడుకోబెట్టి, మీద రాళ్లు పెట్టాడు. ప్రతి ఎండాకాలం చేసే పనే అది. ఎండకు కట్టె ముడుచుకుపోయి ఇనుప పట్టా వదులైతే, గిర్రలను ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో నానేస్తారు. మా నాన్న చేసేవాడు, మా తాత చేసేవాడు. చిన్నప్పుడు ఆ గిర్రల మీద కూర్చుని నేను కాళ్లు కడుక్కునేదాన్ని.

"ఒకటి నిన్ననే ఏసిన," అని మా ఆయన నీళ్లలోకి చెయ్యి పెట్టి పట్టాను కదిపి చూశాడు. "బిగుసుకున్నది. కట్టె నీళ్లు తాగితే ఉబ్బుతది."

నేను గటక గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆయన కూడా చెయ్యి నీళ్లలోనే ఉంచి ఆగిపోయాడు. పడవ పలకలు కూడా కట్టెవే కదా.

"తిను," అన్నాను.

ఆయన తినలేదు. లేచి ఇంటికి పోయాడు. పక్కింటివాళ్ల బండీ చేతిసాయమూ అడిగి, మా వాకిట్లోంచి పడవను తెచ్చాడు. ఇద్దరం కలిసి దాంట్లో రాళ్లు నింపి, బావ గుడిసె ముందర నీళ్లలో ముంచాం. మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు.

నాలుగోనాడు రాళ్లు తీసి, నీళ్లు తోడి, నేనే లోపలికి వంగి చూశాను. నీళ్లు ఎక్కడా ఊరడం లేదు. కందెన కాబట్టి నా గీతలు చెరిగిపోలేదు. అయిదు గీతలూ ఒక్కొక్కటీ ఒకటిగా అతుక్కుని ఉన్నాయి. తెగిన చోటు వేలితో తడిమి చూశాను. ఎక్కడ తెగిందో కూడా తెలియలేదు.

పడవను గుంజకు కట్టేసి ఇంటికి పోయాం. పొద్దున వచ్చేసరికి అడుగు పలకల మీద తడి పొలుసులు, పక్కన ఒక జెల్ల చేప తలకాయ. గుడిసె ఖాళీగా ఉంది. బావ చేవెళ్లలో ఉన్నాడు. నీటికుక్కను నేను ఈనాటికీ చూడలేదు. చూడాల్సిన పని కూడా లేకుండా పోయింది.

మృగశిర నాడు రెండు గంపల చేపతో చేవెళ్లకు బండి కట్టాం. ఆ అంగట్లో గంపలు దించి, మా ఆయనను అక్కడే ఉండమని నేను ఒక్కదాన్నే రోడ్డు పట్టుకుని నడిచాను. బావ రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని సుత్తెతో రాళ్లు కొడుతున్నాడు. అంతమ్మక్క తట్టలకు ఎత్తుతోంది. ఆమె అరచేతులు పగిలి ఉన్నాయి. అవే చేతులు.

నేను నోరున్న దాన్నని చెప్పాను కదా. దారంతా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. తీరా అక్కడికి పోయాక ఒక్కటి కూడా రాలేదు. ఏడుపు వచ్చింది.

బావే అడిగాడు. "పడవ యాడున్నది?"

"నీళ్లల్లనే ఉన్నది బావా. మీ గుడిసె ముంగట కట్టేసినం."

"కావలి ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

బావ సుత్తె కింద పెట్టాడు. నా వైపు చూశాడు. గుడిలో ఆ రోజు తర్వాత నా ముఖం చూడటం అదే మొదటిసారి. "నీకు గిర్రలు నానేసినప్పుడు ఎర్కైంది, గంతే కద," అన్నాడు. "నాకు ఈ రాళ్లు కొట్టుకుంట ఎర్కైంది. ఇక్కడి బండోళ్లు చెరువుల గిర్రలు ఏస్తుంటే చూసిన. దొరసాని ఎందుకు చెప్పిందో అప్పుడు సమజైంది."

"మరి వచ్చి చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటవా?"

అంతమ్మక్క తట్ట కింద పెట్టి దగ్గరికొచ్చింది. నేను ఆమె కాళ్ల మీదికి వంగబోతే వెనక్కి జరిగింది.

"ఇక్కడొద్దు చెల్లె. గుడిల అన్నవు. గుడిలనే చెప్పు," అంది.

తర్వాతి ప్రభువు బల్లకు వాళ్లు వచ్చారు. అయ్యగారు చేతులు కలపమనకముందే నేను లేచాను. కందెన గీతల సంగతి, గిర్రల సంగతి, నేను అన్న మాట, అన్నీ చెప్పాను. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. రైతుబిడ్డవై ఉండి కట్టె సంగతి తెలియలేదా అని. నవ్వితే నవ్వారు. అంతమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది, నిజమే. గట్టిగానే పట్టుకుంది.

బావ మళ్లీ గుడిసె కప్పుకున్నాడు. అన్నదమ్ములు మళ్లీ ఏటకు పోయారు. పడవ అక్కడే గుంజకు ఉండేది. నేను దాన్ని చూడటానికి మిట్ట ఎక్కలేదు. పొద్దున పొలుసులు కనిపిస్తే కడిగి ఊరుకునేదాన్ని.

పొయ్యిలో నిప్పు మాత్రం నేను ఆరిపోనిచ్చేదాన్ని కాదు. అన్నం వండటం అయ్యాక కూడా ఒక పిడకను బూడిదలో కప్పి పెట్టేదాన్ని, అంతమ్మక్క వస్తే ఉండాలని. యుద్ధం అయిపోయేదాకా అట్లా పెట్టాను. ఆమె రాలేదు. పండుగకు వచ్చేది, ప్రార్థనకు వచ్చేది, బిడ్డకు జ్వరమొస్తే వచ్చి పక్కన కూర్చునేది. నిప్పుకు మాత్రం రాలేదు. ఎక్కడ దొరికేదో ఏమో, ఆ కరువు రోజుల్లో కూడా అగ్గిపెట్టె కొనుక్కునేది.